కూలర్‌ల కాయితం

హోళి కాలిన తెల్లారే
కూలర్ కడిగి గడ్డి మార్చాలె బల్లార్‌పూర్‌ల.
ఈ యేడు ఆలిశమైంది.
ఆయనకు మిల్లుల ఓవర్‌టైం,
నాకు మిరపకాయల తొడిమెలు తీసే పని.
కిటికీకి అది అట్లనే ఉన్నది,
మీద కప్పిన పాత ఫ్లెక్సీల
ఎవరో నగరసేవకుడు
ఏడాది సంది చేతులు జోడిచ్చుకొని.

ఏప్రిల్ రెండో వారం. నలభై అయిదు.
తాడు విప్పి, ఫ్లెక్సీ గుంజి,
గడ్డి ఎట్లున్నదో అని చెయ్యి పెట్టిన.
ముందుగాల నొప్పి వచ్చింది,
ఆ తర్వాతనే కందిరీగ కనవడ్డది.
చూపుడు వేలు, మనికట్టు, చెవి తమ్మె.
పోస్టాఫీసోని లెక్క
మూడు చోట్ల ముద్ర గుద్దింది.

కుసుమ్‌తాయి ఉరికొచ్చి ఉల్లిగడ్డ రుద్దింది.
"గాంధీలమాశీ," అన్నది.
మా రుతుజ నవ్వింది,
"గాంధీ పేరు పెట్టుకొని కుడుతదా అమ్మా?"
మరాఠీ బడి పిల్ల.
నాకు నొప్పి ఇంక తెలుగులనే లేస్తది.

వాడకట్టంత సలహాలు తెచ్చింది.
గ్యాస్‌నూనె పొయ్యమన్నరు, రేషన్‌ల బందయి ఎన్నేండ్లాయె.
పొగ పెట్టుమన్నరు, ఎండిన గడ్డి, ఇల్లే అంటుకుంటది.
సిరోంచ నుంచి ఫోన్ల అత్త,
"దాని జోలికి పోకు,
గూడు గట్టిన ఇంట్ల మొగపిల్లగాడు పుడతడు."
నాకు ఆపరేషనై తొమ్మిదేండ్లు అత్తా.

పదిన్నరకు సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చిండు ఓదెలు,
అంగి నిండ ఉడికిన వెదురు వాసన.
టార్చి కొట్టిండు.
వాసిన చెయ్యి అడుగలే.
"కాయితం," అన్నడు.

పందొమ్మిదేండ్లు గుజ్జు కాడ నిలవడ్డ మనిషి.
వెదురు చీలికె మెత్తగయి, తెల్లగయి
జల్లెడ మీద పరుసుకునే దాక చూసిన కండ్లు.
"బాయిలర్ లేదు, సోడా లేదు,
నమిలి ఉమ్మితే చాలు.
ఎంత సన్నగ తీసింది, ఒక్క మడత లేదు.
కట్టె యాడిదో?"

అప్పుడు సమజయింది.
పగటీలి ఒక్కదాన్నే ఉన్నప్పుడు
తలుపు కాడ గీర్ గీర్ మన్న చప్పుడు.
చెదలనుకొని పసుపు నీళ్ళు చల్లిన.
పోయి చూస్తే
రంగు లేచిపోయిన టేకు చౌకట్టు మీద
గోరుతోని గీసినట్టు తెల్లటి చారలు,
వరుస మీద వరుస.
మా ఇంటినే నమిలి
మా ఇంట్ల ఇల్లు గట్టింది.

ఇంత తెలిసినంక
ఇడిచిపెట్టినమని చెప్తే మంచిగుంటుండె.
ఇడిచిపెట్టలే.
పిల్ల వీపు నిండ చెమటపొక్కులు,
నాలుగు రాత్రుల సంది నిద్ర లేదు.
తెల్లారగట్ల మూడున్నరకు
అవి ఒకదాని మీదొకటి ముడుచుకున్న యాళ్ళ
ఆయన దుప్పటి కప్పుకొని సబ్బునీళ్ళ బుడ్డి పట్టిండు,
నేను టార్చి.
వాన పడ్డ చప్పుడు, అంతే.
రాలినవాటిని చీపురుతోని ఊడుస్తుంటే
"మా షిఫ్టు మందంత ఉన్నరు," అన్నడు.
ఉన్నయి అనలే.

గూడును తొడిమె కాడ కోసి
నా అరచేతిల పెట్టిండు.
బరువే లేదు.
కొన్ని గదులకు తెల్లటి మూతలు,
ఒక మూత కింద ఏదో మెసిలింది.
గబుక్కున ఆయన చేతికే ఇచ్చేసిన.
ఏం జేసిండో అడుగలే.

కూలర్ తిరిగింది.
తడిగడ్డి వాసనకు రుతుజ బోర్ల తిరిగి పండుకున్నది.

పొద్దుగాల ఒక్కటొచ్చింది,
రాత్రి యాడ చిక్కుకొని ఉండెనో.
నోట్ల ఇంత గుజ్జు కరుసుకొని
గూడున్న జాగల గాలిల ఆగుకుంట, తిరుగుకుంట,
మోటారు గాలికి ఎనుకకు పోయి
మళ్ళొచ్చుకుంట.
వేలింక దిగలే నాకు, ఉంగరం పడుతలేదు.
అయినా స్విచ్ బంద్ చేసిన,
అన్నం ఉడికే దాక.

తలుపుకు రంగు డబ్బా తెస్తనన్నడు ఓదెలు.
మే నెల పడ్డది.
ఆయన తేలే,
నేను యాది చెయ్యలే.